మెట్ల కింది బాత్రూంలో నీళ్లు ఎవరు పోశారు?

దయ్యాలను నేను నమ్మను. ఈ మాట అందరూ అంటారు గానీ నా సంగతి వేరు. నాది ప్లంబింగ్ పని. ఇరవై ఆరేళ్లుగా బోధన్ చుట్టుపక్కల జనం ఇళ్లల్లో మోరీల్లో చేతులు పెట్టి బతుకుతున్నవాణ్ణి. ఇంట్లో ఏదో తిరుగుతోందని భయపడి నన్ను పిలిచిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. రెంజల్ దగ్గర ఒక ఊళ్లో ఒకామె, వంటింట్లో ఎవరో గుటకలు వేస్తున్న చప్పుడు వస్తోందని గడపకు నిమ్మకాయలు కట్టించింది. పోయి చూస్తే సింకు పైపుకు గాలి అందడం లేదు. చిన్న గాలి పైపు పెట్టాను, గుటకలు ఆగిపోయాయి. ఆ నిమ్మకాయలతో షర్బత్ చేసుకోమని చెప్పి వచ్చాను.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. రాయాలంటే ముందు నా ఓర్వలేనితనం గురించి చెప్పాలి. అది దాచిపెడితే జరిగింది ఎవరికీ అర్థం కాదు.

నాకు పని నేర్పింది కరీం ఉస్తాద్. బోధన్‌లో పాతకాలం ఇనుప పైపుల నుంచి ఇప్పటి ప్లాస్టిక్ పైపుల దాకా అన్నీ చేసిన చెయ్యి ఆయనది. ఆయన దగ్గర చాలామంది చేరారు, చాలామంది మానేశారు. చివరిదాకా నిలిచింది ఇద్దరమే. నేనూ, నా తర్వాత మూడేళ్లకు వచ్చిన గంగాధర్.

గంగాధర్ నన్ను అన్నా అని పిలిచేవాడు. మనిషి మంచివాడు. అదే నాకు కష్టంగా ఉండేది. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకొని పడుకునేవాణ్ణి.

ఉస్తాద్‌కు ఒక పద్ధతి ఉంది. శిష్యుడు ఒక ఇల్లు పూర్తి చేస్తే, ఆ ఇంట్లో మనుషులు చేరిన నెలకు తాను స్వయంగా వచ్చేవాడు. టోపీ తీసి జేబులో పెట్టుకొని, మోకాళ్ల మీద వంగి, నీళ్లు పోయే ప్రతి జాలీకి ముక్కు ఆనించి వాసన చూసేవాడు. కొత్తలో ఎవరి పనైనా బాగానే ఉంటుంది, నెల తిరిగితే అసలు సంగతి బయటపడుతుంది అనేవాడు. నచ్చితే లేచి నిలబడి "బరాబర్ ఉంది బేటా" అనేవాడు. నచ్చకపోతే "నడుస్తది" అనేవాడు.

గంగాధర్‌కు మూడో ఇంటికే బరాబర్ వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఇంటికీ వచ్చింది. నాకు ఇరవై ఆరేళ్లూ నడుస్తది తప్ప ఇంకో మాట రాలేదు. నలభై తొమ్మిదేళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని, ఒక ముసలాయన నోట ఒక్క మాట కోసం ఇంతగా కుమిలిపోయానంటే నవ్వొస్తుంది. కానీ కుమిలిపోయాను.

పని తెలియనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. బాత్రూంలో నీళ్లు పోయే జాలీ కింద గిన్నె లాంటిది ఒకటి ఉంటుంది. మేం దాన్ని నహానీ ట్రాప్ అంటాం. అందులో ఎప్పుడూ నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు నిలిచి ఉండాలి. పైపులోని చెడు గాలి ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. అవి ఎండిపోయినా, గుంజుకుపోయినా వాసన తన్నుకొని వస్తుంది.

గుంజుకుపోవడం ఎలాగంటే, పైఅంతస్తులో ఒకేసారి రెండు బకెట్ల నీళ్లు గుమ్మరిస్తే అవి పైపులో దిగుతూ వెనక గాలి కోసం లాగుతాయి. పైపుకు మేడ మీద గాలి అందే దారి ఉంటే గొడవ లేదు. లేకపోతే కింది ట్రాప్‌లోని నీళ్లనే పీల్చేస్తాయి. మా వైపు చాలామంది లెట్రిన్ లైనుకు మాత్రమే గాలి పైపు పెడతారు. స్నానం నీళ్ల లైనుకు పెట్టరు. గంగాధర్ మాత్రం ప్రతి ఇంట్లో రెండింటికీ పెట్టేవాడు. ఇంటివాళ్లు పైపు దండగ అంటే, ఇంకో చోట మిగిలిన ముక్కలు తెచ్చి మరీ పెట్టేవాడు.

స్నానం నీళ్లకు పొగగొట్టం ఎందుకురా అని నేను నలుగురిలో వెక్కిరించాను. వాడు చేసేది సరైందని నాకు తెలుసు. వాడు ముందు పెట్టాడు కాబట్టి నేను పెట్టలేదు. ఎండాకాలం రాగానే నేను చేసిన ఇళ్ల నుంచి వాసన వస్తోందని ఫోన్లు వచ్చేవి. పైపు కంపెనీ బాగాలేదని చెప్పేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఇక అసలు సంగతికి వస్తాను. రిటైరైన డ్రాయింగ్ సారు ఒకాయన ఉన్నారు. వాళ్ల పాత ఇంట్లో పన్నెండేళ్లు ఏ నల్లా కారినా పోయి చూసింది నేనే. ఆ ఇంట్లో నేను తాగిన చాయ్‌కి లెక్క లేదు. సారు భార్య విజయక్క నన్ను సొంత మనిషిలాగే చూసేది. రెంజల్ రోడ్డు వైపు కొత్త ప్లాట్లలో వాళ్లు పెద్ద ఇల్లు మొదలుపెట్టినప్పుడు పని నాదే అనుకున్నాను. మా ఇంట్లో చెప్పాను కూడా.

పని గంగాధర్‌కు ఇచ్చారు.

"నువ్వేం అనుకోకు లింగం. గంగాధర్ చేసిన ఇండ్లల్ల వాసన రాదంట గదా, అందరు గదే అంటున్నరు" అంది విజయక్క. ఏమీ అనుకోనక్కా అన్నాను. ఇంటికి వచ్చి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. మేడ మీద ట్యాంకు, సోలార్ హీటర్ పని మా లింగన్నకు ఇవ్వండి సారూ అని గంగాధరే చెప్పి నన్ను పిలిపించాడు. జాలిపడి ఇప్పించాడు. వాడి విస్తట్లో మిగిలింది నాకు పెట్టినట్టు అనిపించింది. వద్దని అనలేదు, పోయి చేశాను.

శివరాత్రి దాటిన రోజులు అవి. మధ్యాహ్నం పూట మేడ మీద నేనొక్కణ్ణే ఉన్నాను. కింద రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు పోతున్నాయి. నా ఎదురుగా పిట్టగోడ పక్కన గంగాధర్ పెట్టిన గాలి పైపు ఉంది. రెండున్నర ఇంచుల పైపు, దాని మీద రంధ్రాలున్న మూత, మేం టోపీ అంటాం. సారుకు స్నానం నీళ్లు, బట్టల నీళ్లు వృథా పోవడం ఇష్టం లేదు. వాటిని వెనక గులకరాళ్లు నింపిన గుంతలోకి మళ్లించి, అక్కణ్ణుంచి జామ మొక్కలకు పారించేలా గంగాధర్ కట్టాడు. గుంతలో నిలిచిన సబ్బునీళ్లు రెండు రోజులకే కుళ్లిన గుడ్డు వాసన కొడతాయి. ఆ వాసన ఇంట్లోకి తిరిగి రాకుండా ఆపేది కింద ట్రాపులూ, మేడ మీద ఈ పైపూ.

నేను ఆ పైపు టోపీ తీశాను. పాత గోనె ముక్కను పాలిథీన్ కవర్లో చుట్టి, పైపులోకి జానెడు లోతుకు దిగ్గొట్టాను. మళ్లీ టోపీ పెట్టాను. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

నాకేం కావాలో నాకు స్పష్టంగా తెలుసు. నెల తిరిగాక ఉస్తాద్ వచ్చి వంగినప్పుడు, గంగాధర్ పనిలోంచి ఆయన ముక్కుకు ఒక్కసారి కంపు కొట్టాలి. ఉస్తాద్‌కు డెబ్బై ఎనిమిది నడుస్తున్నాయి. ఆయన పోయేలోపు గంగాధర్‌తో నడుస్తది అనాలి. నాకు రానిది వాడికీ రాకుండా పోవాలి.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే.

గృహప్రవేశానికి పోయాను. కడుపులో కత్తులు పెట్టుకొని అందరినీ నవ్వుతూ పలకరించాను. మేస్త్రీకి, వడ్రంగికి, ప్లంబర్‌కు బొట్టు పెట్టి బట్టలు పెట్టారు. గంగాధర్‌కు ప్యాంటూ షర్టూ పెట్టారు. నాకు టువాలు పెట్టారు. పై పని చేసినవాడికి టువాలే పెడతారు, అందులో తప్పు లేదు. అయినా ఆ టువాలును నేను ఇప్పటికీ వాడలేదు.

మెట్ల కింద ఒక చిన్న బాత్రూం ఉంది. చుట్టాల కోసమని కట్టించారు. దానికి మంచి నల్లాలు నిజామాబాద్ నుంచి తెస్తానని సారు అనడంతో, గంగాధర్ నల్లా వచ్చే చోట బిరడా బిగించి వదిలేశాడు. అంటే ఆ గదిలో చుక్క నీరు వచ్చే దారి లేదు. ఎవరూ వాడరు. ఖాళీ అట్టపెట్టెలు పెట్టారు. మిగతా బాత్రూముల్లో రోజూ స్నానాలు చేస్తారు కాబట్టి నీళ్లు గుంజుకుపోయినా మళ్లీ నిండుతాయి. ఈ ఒక్కటి ఎండితే ఎండినట్టే.

రెండు రోజుల తర్వాత సోలార్ చూసే నెపంతో పోయాను. పైబాత్రూంలో రెండు బకెట్లు ఒకేసారి గుమ్మరించి కిందికి వచ్చి, మెట్ల కింది జాలీ ఎత్తి టార్చి వేశాను. గుటగుటమంటూ నీళ్లు పోయాయి. గిన్నె అడుగు కనపడింది. మెల్లగా వాసన పైకి రావడం మొదలైంది. నా కడుపు చల్లబడింది.

ఇది జరిగిన తొమ్మిదో రోజు గంగాధర్ చనిపోయాడు. పని నుంచి ఇంటికి వచ్చి, చాయ్ తాగి, కాసేపు నడుం వాలుస్తా అన్నాడట. లేవలేదు. గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పాడు. నలభై ఆరేళ్లు.

పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. ఏడ్చాను కూడా, అబద్ధం కాదు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఆ రోజు వచ్చిన జనాన్ని చూసి నాకు మళ్లీ అసూయ పుట్టింది. వాడు పని చేసిన ఇళ్ల ఆడవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ముప్కాల్ నుంచి ఒక ముసలమ్మ బస్సులో వచ్చింది. నేను పోతే ఎంతమంది వస్తారు అని శవం భుజం మీద ఉండగానే ఆలోచించాను.

గోనె ముక్క సంగతి గుర్తు రాలేదా అంటే వచ్చింది. తీసేద్దాం అనుకున్నాను. వాడే పోయాక ఇంక పరీక్ష ఎక్కడిది, ఎప్పుడో ఒకప్పుడు తీయొచ్చులే అని వాయిదా వేశాను.

కర్మలు అయ్యాక ఉస్తాద్ నన్ను పిలిపించాడు. కళ్లకు పొర వచ్చి మనుషులను ఆనవాలు పట్టడం కష్టమైంది ఆయనకు, ముక్కు మాత్రం పదునుగానే ఉంది.

"గంగాధర్ ఆఖరి ఇల్లు నెల ఎప్పుడైతది?" అని అడిగాడు.

"ఇంకెందుకు ఉస్తాద్" అన్నాను.

"మనిషి పోయిండు, పని ఉంది గద బేటా. సూడాలె. నువ్వే తోల్కపో నన్ను" అన్నాడు.

ఆ మాటతో నాలో చల్లారిందనుకున్నది మళ్లీ రగిలింది. చచ్చినవాడి పని చూడడానికి కళ్లు కనపడకపోయినా వస్తానంటున్నాడు. నేను బతికి ఎదురుగా కూర్చొని ఉన్నాను, నీ పని ఎలా నడుస్తోందని ఒక్క మాట అడగలేదు. గోనె ముక్క తీయకూడదని అప్పుడే తీర్మానించుకున్నాను.

ఆ మధ్యలోనే సారు వాళ్లు కూతురి కాన్పుకని హైదరాబాద్ పోయారు. మోటారు స్విచ్ ఇంట్లో ఉంటుంది, మొక్కలకు నీళ్లు పెట్టాలి, అందుకని తాళంచెవి నాకిచ్చారు. ఇంకో తాళంచెవి సారు దగ్గరే ఉంది. మూడోది లేదు.

మొదటి రోజు పొద్దున తలుపు తీస్తున్నప్పుడు ముక్కు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ గది తలుపు మూసే ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ వాళ్లు పసిగట్టలేదనుకున్నాను. వాళ్లు పోయే ముందు రోజు పైన వాషింగ్ మిషన్ మూడుసార్లు వేశారని నాకు తెలుసు. మెట్ల కింది ట్రాప్ ఖాళీగా ఉండాలి, మూసిన ఇంటి నిండా కంపు ఉండాలి.

కొత్త పెయింట్ వాసన తప్ప ఏమీ లేదు.

జాలీ ఎత్తాను. ట్రాప్ నిండా నీళ్లు ఉన్నాయి. శుభ్రమైన నీళ్లు, అడుగున గిన్నె తెల్లగా కనపడుతోంది. విజయక్కకు ఫోన్ చేసి, మెట్ల కింద నీళ్లేమైనా పోశారా అని మామూలుగా అడిగాను. "గా గదిల నల్లానే లేదు గదా లింగం, ఎవలు పోస్తరు?" అంది.

సరే, పైకి పోయి రెండు బకెట్లు గుమ్మరించాను. కిందికి వచ్చి చూస్తే నీళ్లు పూర్తిగా గుంజుకుపోయాయి. నేను నిలబడి ఉండగానే గుంతలోని కుళ్లు గాలి ముఖానికి కొట్టింది. తాళం వేసి వచ్చాను.

రెండో రోజు పొద్దున వాసన లేదు. ట్రాప్ నిండుగా ఉంది.

నాకు భయం వేయలేదు. పని తెలిసినవాణ్ణి కదా, కారణం వెతికాను. వెనక గుంత నుంచి నీళ్లు ఎదురెక్కాయేమో అనుకున్నాను. గుంత రెండడుగుల పల్లంలో ఉంది, పైగా అందులో నీళ్లు నల్లగా సబ్బు నురగతో ఉన్నాయి. పైనుంచి కారుతోందేమో అని గోడంతా చేత్తో తడిమి చూశాను, పొడిగా ఉంది. బిరడా విప్పి చూశాను, దాని చుట్టూ తడి లేదు. అయినా నా తృప్తి కోసం మేడ మీదికి పోయి ట్యాంకు వాల్వ్ పూర్తిగా కట్టేశాను. స్పాంజితో ట్రాప్‌లో నీళ్లు చుక్క లేకుండా తోడేసి, లోపల గుడ్డతో తుడిచాను.

మూడో రోజు కూడా నిండుగా ఉంది. ఇంట్లో ఏ నల్లా తిప్పినా చుక్క రాలేదు, వాల్వ్ నేను కట్టినట్టే ఉంది.

ఆ రోజు వంటింట్లోంచి బియ్యప్పిండి తెచ్చి బాత్రూం నేల మీద, గడప మీద పల్చగా చల్లాను. ట్రాప్ మళ్లీ తోడేశాను. కిటికీ అంటే అక్కడ అరచేతి వెడల్పు జాలీ మాత్రమే ఉంది. దానికి కూడా టేపు అంటించాను.

నాలుగో రోజు పిండి నేను చల్లింది చల్లినట్టే ఉంది. పిల్లి అడుగు కూడా లేదు. టేపు ఊడలేదు. ట్రాప్ నిండా నీళ్లు.

అప్పుడు వచ్చింది భయం. గోడ పట్టుకొని కాసేపు కూర్చున్నాను. కానీ ఆ భయం ఎక్కువసేపు నిలవలేదు. దాని వెనకే కోపం వచ్చింది. చచ్చిపోయాక కూడా నీ పనే గెలవాలారా అని ఆ ఖాళీ గదిలో పైకే అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది. గంగాధర్ వచ్చాడని నేను నమ్మానా అంటే నమ్మలేదు. కానీ తిట్టింది మాత్రం వాణ్ణే.

నా పని సంచిలోంచి ఒక పాత పంచె ముక్క తీసి, తోడేసిన ట్రాప్‌లో ఉండ చేసి గట్టిగా కుక్కాను. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చినా ఆ గుడ్డ తడుస్తుంది, పైకి తేలుతుంది, ఏదో ఒక జాడ దొరుకుతుంది అనుకున్నాను.

ఐదో రోజు ఆ గుడ్డ ట్రాప్‌లో లేదు. నీళ్లు పిండేసి, జాలీ పక్కన నాలుగు మడతలు వేసి పెట్టి ఉంది. నేల మీది బియ్యప్పిండి చెదరలేదు. గుడ్డ కింద కూడా పిండి అలాగే ఉంది. మా పనిలో ఎవరూ గుడ్డలు మడత పెట్టరు, వాడి మూలకు విసిరేస్తారు. మడత పెట్టి పక్కన ఉంచేవాడు నాకు తెలిసి ఒక్కడే ఉండేవాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు మోటారు వేసి, అటువైపు చూడకుండా బయటపడ్డాను. పిండి మాత్రం చివరి రోజు ఊడ్చేశాను. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే గోనె ముక్క సంగతీ చెప్పాల్సి వస్తుంది.

అప్పుడైనా దాన్ని తీసేసి ఉండొచ్చు. మేడ ఎక్కితే రెండు నిమిషాల పని. తీయలేదు. ఎందుకు తీయలేదని ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఉస్తాద్ ముక్కుకు కంపు కొట్టాలన్న కోరిక నా భయం కంటే పెద్దది. అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

సారు వాళ్లు తిరిగి వచ్చిన మర్నాడు ఉస్తాద్‌ను తీసుకొని పోవాలి. నేను పొద్దున ఎనిమిదింటికే ఒక్కణ్ణే ఆ ఇంటికి పోయాను. ఉస్తాద్ వస్తున్నాడు కదా, ఒకసారి శుభ్రం చేస్తానక్కా అని మెట్ల కింద దూరాను. స్పాంజితో ట్రాప్ మొత్తం తోడాను. వేళ్లు పెట్టి తడిమి, తడి కూడా లేకుండా తుడిచాను. గుంత వాసన గది నిండా పట్టేదాకా అక్కడే నిలబడ్డాను. బయటికి వచ్చి తలుపు గడియకు నా సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. లోపల మందు చల్లానని, ఎవరూ పోవద్దని విజయక్కకు చెప్పాను.

ఉస్తాద్‌ను ఆటోలో తీసుకొచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది.

ఆయన పద్ధతి ప్రకారం టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు. పైబాత్రూం చూశాడు, వంటిల్లు చూశాడు, అంట్లు తోమే జాలారు చూశాడు. చివరికి మెట్ల కిందికి వచ్చాం. విజయక్క, సారు వెనక నిలబడ్డారు. నేను తాళం తీశాను. తలుపు తెరుస్తూ ఊపిరి బిగబట్టాను.

ఉస్తాద్ గోడ పట్టుకొని నెమ్మదిగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. జాలీకి ముక్కు ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. నేను ఊపిరి వదిలి మళ్లీ పీల్చాను. వాసన లేదు. గంటన్నర కింద నా కళ్లు మండించిన కంపు ఆ గదిలో ఎక్కడా లేదు.

ఆయన జాలీ ఎత్తి చూపుడు వేలు లోపల పెట్టాడు. రెండు కణుపుల దాకా తడిసిన వేలిని బయటికి తీశాడు.

"ఈ గదిల నల్లా లేదన్నరు. పానీ ఎవరు పోసిన్రు?" అని అడిగాడు.

నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది.

"మేం లేనప్పుడు తాళంచెవి లింగం దగ్గరనే ఉండె. రోజు వచ్చి చూస్కున్నడు. పొద్దుగాల గూడ వచ్చి గీ గదే సాఫ్ చేసి పోయిండు" అంది విజయక్క.

ఉస్తాద్ నా వైపు తిరిగాడు. ఆయన కళ్లకు నేనెంత కనపడ్డానో తెలియదు. చెయ్యి చాచి నా తల కోసం గాలిలో వెతికాడు. నేను వంగాను, వంగకుండా ఉండలేకపోయాను. తడి చెయ్యి నా నెత్తి మీద పెట్టాడు. ఆ నీళ్లు నా నుదుటి మీదికి కారాయి. చల్లగా ఉన్నాయి.

"గాడు పోయినంక గూడ వాని పని ఎండనియ్యలే నువ్వు. నీకు గాడంటే పడదనుకున్న ఇన్నేండ్లు. నాదే గల్తీ" అన్నాడు. చెయ్యి తీయకుండానే, "బరాబర్ ఉంది బేటా. గంగాధర్‌ది గాదు, నీది" అన్నాడు.

నేను వెక్కివెక్కి ఏడ్చాను. తమ్ముడి లాంటివాడు పోయాడని ఏడుస్తున్నాననుకొని విజయక్క కూడా కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం ఎండ ఉండగానే మేడ ఎక్కి గోనె ముక్క పీకేశాను. అగరొత్తి వెలిగించి పైపు దగ్గర పెట్టాను. పొగ ఆడింది, గాలి నడుస్తోంది. కిందికి వచ్చి, చివరిసారిగా తెలుసుకోవాలని మెట్ల కింది ట్రాప్ తోడేశాను. మర్నాడు పోయి చూశాను. ఎండిపోయి ఉంది, గదంతా వాసన. ఇంకో రెండు రోజులు ఆగి చూశాను. అలాగే ఉంది. ఎవరూ నింపలేదు. విజయక్క వాసన వస్తోందని అనేలోపు నేనే చెంబుతో నీళ్లు పోసి వచ్చాను. తర్వాత నల్లాలు వచ్చాయి, బిగించింది నేనే.

ఒక ఇంజనీరుకు ఈ సంగతి, పేర్లు చెప్పకుండా, గోనె ముక్క కూడా చెప్పకుండా వివరించాను. పైపు గోడల తేమ అన్నాడు, గుంత నీళ్లు ఎదురెక్కడం అన్నాడు. తేమ నాలుగు వేళ్ల నీళ్లు ఒక్క పూటలో నింపదు, అదీ గంటన్నరలో. గుడ్డ మడత పెట్టదు. అయినా ఆయన చెప్పిన ప్రతిదీ నేను పోయి పరీక్షించాను. ఏదీ సరిపోలేదు. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. వాడే వచ్చాడని నేను అనను. రాలేదని కూడా గట్టిగా అనలేకపోతున్నాను.

నా అసూయ పోయిందా అంటే పోలేదు. మొన్న ఒక కొత్త ఇంట్లో స్నానం నీళ్ల లైనుకు గాలి పైపు పెడుతుంటే, ఆ ఇంటావిడ "గంగాధర్ లెక్కనే చేస్తున్నవే" అంది. నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత పెట్టాను. అయితే రాత్రికి రాత్రి మారిపోయానని మాత్రం అనుకోవద్దు.

ఉస్తాద్ వానాకాలంలో పోయాడు. చివరి రోజుల్లో పక్కన కూర్చొని ఎన్నోసార్లు నిజం చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చేది. చెబితే ఆ బరాబర్‌ను ఆయన వెనక్కి తీసుకుంటాడు. ఇరవై ఆరేళ్లకు దొరికిన మాట, వదులుకోవడం నా వల్ల కాలేదు. ఆయన నన్ను మెచ్చుకుంటూనే పోయాడు. ఆ మాట నాది కాదు, గంగాధర్‌ది. ఇచ్చేద్దామంటే ఇప్పుడు తీసుకోవడానికి గంగాధరూ లేడు, తప్పు మనిషికి ఇచ్చానని ఒప్పుకోవడానికి ఉస్తాదూ లేడు.